షష్ఠీ విభక్తి దాటని చరిత్ర: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు రాగి నాణేలపై కొన్ని అభ్యంతరాలు

కోటిలింగాల నాణేల మీద తెలుగులో వచ్చిన వ్యాసాలను వరుసగా పేర్చి చదివినవారికి ఒక సంగతి తేటగా కనబడుతుంది. వ్యాసం ఎవరు రాసినా, ఏ దశాబ్దంలో రాసినా, చివరకు తేల్చబూనేది రాజుల విషయమే. నాణెం మీది పేరు ఎవరిది, ఆయన ఏ వంశంవాడు, ఆ వంశపు తొలి రాజధాని ఏది అన్న ప్రశ్నల చుట్టూనే చర్చ తిరుగుతుంది. ఆ నాణెం ఏ లోహంతో చేసిందన్నది ఒక వాక్యంలో చెప్పి వదిలేసే వివరం. ఎవరి చేతుల మీదుగా నడిచిందన్నది అసలు ప్రశ్నే కాదు. రాగి, సీసం, పోటిన్ వంటి తక్కువ విలువగల లోహాలతో చేసిన చిల్లర నాణేలను ఇలా రాజుల కొలువులో సాక్షులుగా మాత్రమే నిలబెట్టడం పద్ధతి ప్రకారమే పొరపాటని, ఆ పొరపాటును సరిదిద్దగల సామగ్రి చరిత్ర శాఖల కన్న తెలుగు శాఖల దగ్గరే ఎక్కువగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

జరిగిన కృషిని ముందుగా గుర్తించాలి. ప్రస్తుత జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో గోదావరి కుడి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ ఓపికగా నాణేలు సేకరించకపోతే, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి ప్రకటించకపోతే, వి.వి. కృష్ణశాస్త్రి నేతృత్వంలో నాటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరపకపోతే, గోబద, నారన, కంవాయసిరి, సమగోప అన్న పేర్లు ఇవాళ ఎవరికీ తెలిసేవి కావు. చిముక సాతవాహన అన్న పేరుగల నాణేలు బయటపడడంతో పురాణాల్లో రకరకాల పాఠాలతో నలుగుతున్న తొలి శాతవాహనుడు చేతికి అందాడనిపించింది. ఆ చిముకుడే నానాఘాట్ శాసన శిల్పంలోని సిముకుడా, లేక అదే పేరుగల మరొకడా అని అజయమిత్ర శాస్త్రి మొదలైన నాణెశాస్త్రవేత్తల మధ్య జరిగిన వాదం కూడా విలువైనదే. అభ్యంతరం ఈ పునాదుల మీద కాదు, వాటి మీద తర్వాత లేచిన కట్టడం మీద.

ఆ కట్టడం పేరు రాజధాని వాదం. కోటిలింగాలా, ప్రతిష్ఠానమా, ధాన్యకటకమా? మొదట కుతూహలంతో మొదలైన ప్రశ్న క్రమంగా ప్రాంతాభిమానపు ప్రశ్నగా మారింది. తీరాంధ్ర పండితులు ధాన్యకటకాన్ని వదలరు, తెలంగాణ పండితులు కోటిలింగాలను వదలరు. ఇరువర్గాల వ్యాసాలనూ పక్కపక్కన పెడితే ఊరి పేరు మాత్రమే మారుతుంది, వాదించే తీరు మారదు. తొలి రాజు మా వాడయితే తొలి గౌరవం మాదే అన్న ఊహ రెండింటికీ ఆధారం. ఈ వాదంలో నాణెం రాగిది కాక వెండిదయినా, సీసానిదయినా, చివరకు రాతి మీది చెక్కుడయినా వాదనలో ఒక్క అక్షరం మారనవసరం లేదు. ఆధారపు స్వభావం మారినా మారని వాదన ఆ ఆధారాన్ని ఉపయోగించుకున్నట్లు కాదు. అందులోని పేరును ఒలుచుకొని మిగతాది పారేసినట్లు.

నాణేల మీది రాతను వ్యాకరణ దృష్టితో ఒకసారి చూడవచ్చు. ప్రాకృతంలో 'రఞో' అంటే రాజుయొక్క. పేరు చివర వచ్చే '-స' కూడా షష్ఠీ ప్రత్యయమే. చిముకుడు ఇది చేయించెను అని నాణెం చెప్పదు, చిముకునిది అని మాత్రమే చెబుతుంది. ముద్రణశాల దాటే క్షణం వరకు ఆ మాట నిజం. సంతలోకి వచ్చాక ఆ నాణెం ఉప్పు అమ్మినవానిది, కుండ కొన్నవానిది, తెప్ప దాటించినవానిది. రాజుకు దాని మీద మిగిలే హక్కు పేరు మాత్రమే. రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా చరిత్రకారులు ఆ షష్ఠీ విభక్తిని అక్షరాలా నమ్మి, నాణెం రాజుదే అనుకుంటూ వస్తున్నారు.

చిల్లర నాణేనికి తనదంటూ ఒక స్వభావం ఉంది. బంగారం, వెండి బరువు తక్కువ, విలువ ఎక్కువ. అవి రాజ్యాలు దాటుతాయి, కొల్లగొట్టబడతాయి, కరిగించబడతాయి. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో ఆగస్టస్, టైబీరియస్‌ల రోమన్ నాణేలు దొరికాయి. వాటిని బట్టి ఆ పల్లె రోమన్ చక్రవర్తి ఏలుబడిలో ఉండేదని ఎవరూ అనరు. రాగి సంగతి వేరు. మూటెడు రాగిని దూరదేశానికి మోసుకుపోతే మోతకూలికే చాలదు. అందువల్ల సాధారణంగా చిల్లర నాణెం పుట్టినచోటికి చేరువలోనే తిరిగి, అరిగి, నేలపాలవుతుంది. అది దొరికే చోట్లను పటం మీద గుర్తిస్తే వచ్చే గీత రాజ్యపు సరిహద్దు కాదు, ఒక అంగడి చేయి ఎంతదూరం చాపగలదో తెలిపే గీత. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు ఒకదానికొకటి దూరం కాని చోట్లు. పెద్దబంకూరులో శాతవాహన నాణేలు పదులూ వందలూ కాదు, వేలల్లో దొరికాయి. 1940ల తొలినాళ్ళలో హైదరాబాదు పురావస్తు శాఖ తవ్విన కొండాపూర్‌లో నాణేలతో పాటు వాటిని పోతపోసిన మట్టి మూసలు కూడా దొరికాయి. ఇన్ని వేల చిల్లర నాణేలను ఒక సమాజం ఏం చేసుకున్నది? ప్రతి చేతిమార్పునూ ధాన్యంతో కొలిచే పల్లెకు ఇంత చిల్లర అక్కరలేదు. కూలి, సుంకం, రేవు, తిండి వంటి చిన్న చిన్న చెల్లింపులు రోజువారీగా నాణెంతో జరిగేచోటే ఇంత చిల్లర పోగుపడుతుంది. గోదావరి రేవు, ఇనుము కరిగించే కొలుములు, బౌద్ధ స్తూపాల చుట్టూ చేరే యాత్రికులు కలసిన ఈ నేల అటువంటిది. ఇది రాజధాని వాదం కన్న చాలా పెద్ద సంగతి. ఈ ప్రాంతపు సామాన్యుని చేతిలో రెండు వేల ఏళ్ళ కిందట నాణెం ఆడిందన్న మాట ఇది. అయినా ఈ మాట మీద నడిచిన చర్చ, రాజు పేరు మీద నడిచిన చర్చలో పాతిక వంతు కూడా లేదు.

పద్ధతి లేకపోవడం దీనికి కారణం కాదు. గణితశాస్త్రవేత్త దామోదర్ ధర్మానంద కోశాంబి 1940లలోనే తక్షశిల వెండి నాణేలను ఒక్కొక్కటిగా తూచి, చెలామణిలో నాణెం ఎంత అరుగుతుందో గణాంక పద్ధతిలో లెక్కగట్టి చూపాడు. ఆయనకు నాణెం మీద పేరు అక్కరలేదు. చూసినవి పేర్లే లేని ముద్రాంకిత నాణేలు. రాగి, పోటిన్ నాణేల విషయంలో ఆ పని అంత సులువు కాదన్నది నిజమే. వెండి చేతుల్లో అరుగుతుంది, రాగి మట్టిలో కూడా తుప్పుపట్టి బరువు కోల్పోతుంది. ఈ రెండు నష్టాలను వేరుచేయడం కష్టం. కష్టమన్నది ప్రయత్నించడానికి కారణం కావాలి గాని మానుకోవడానికి కాదు. ఇప్పటి వరుసలో జరుగుతున్నది దీనికి తలకిందులు. అక్షరాలు స్పష్టంగా ఉన్న నాణెం ఛాయాచిత్రానికి ఎక్కుతుంది, అక్షరాలు చెరిగిన నాణెం 'అస్పష్టం' అన్న గడిలో పడుతుంది. చెలామణి చరిత్రకు కావలసినవి ముఖ్యంగా ఆ రెండో రకం నాణేలే. స్పష్టమైన నాణెం ఎక్కువ తిరగకుండా మట్టిలోకి చేరి ఉండవచ్చు, అరిగినది తరాల పాటు చేతులు మారి ఉండవచ్చు.

భాష విషయంలో జరిగిన పొరపాటు

తెలుగు శాఖల్లో నాణేల ప్రస్తావన వచ్చేది తెలుగు భాష ప్రాచీనతను నిరూపించే సందర్భంలో. అమరావతి రాతి మీది 'నాగబు' అన్న పదాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించినప్పటి నుంచి ప్రాచీన శాసనాల్లో తెలుగు జాడలు వెతకడం ఒక సంప్రదాయమయింది. ఆ వరుసలోనే గోబద, నారన వంటి పేర్లలో తెలుగుదనం చూసినవారున్నారు. సామాన్యుల చేతి నాణెం గనుక దాని మీద సామాన్యుల భాష ఉండి తీరాలన్న ఊహ ఇందులో దాగి ఉంది. చరిత్ర ఈ ఊహకు సరిగ్గా ఎదురు నిలుస్తుంది.

శాతవాహనుల నాణేల్లో ద్రావిడ భాషారూపం నిస్సందేహంగా కనబడేది రాగి మీద కాదు, వెండి మీద. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ మొదలైన రాజుల బొమ్మగల వెండి నాణేల మీద ఒక వైపు ప్రాకృతం, రెండో వైపు 'అరహణ', 'మకణ' వంటి రూపాలతో ఒక ద్రావిడ భాష ఉంది. అది తమిళమా, తెలుగుకు పూర్వరూపమా అన్న వాదం తెగలేదు. తెగినా తెగకపోయినా గమనించవలసింది వేరు. దేశభాష ఎక్కింది పై విలువగల వెండి మీద. సంతలో తిరిగిన సీసం, పోటిన్, రాగి నాణేలు ప్రాకృతమే మాట్లాడాయి. వాటిని పట్టుకున్న చేతుల్లో ఎన్నింటికి ఆ బ్రాహ్మీ అక్షరాలు తెలిసి ఉంటాయి? ఏనుగు బొమ్మ, ఉజ్జయిని గుర్తు చూసే అవి చెల్లి ఉంటాయి.

యాదృచ్ఛికమనుకుంటే పొరపాటు. పద్దెనిమిది శతాబ్దాల తర్వాత ఇదే నేల మీద ఇదే అమరిక మళ్ళీ కనబడుతుంది. నిజాం రాజ్యంలో 1918 నాటి కాగితపు ద్రవ్య చట్టం తర్వాత వచ్చిన నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు చోటు చేసుకున్నాయి. కరీంనగర్ జిల్లా కూలివాని చేతికి నోటు వచ్చేదెన్నడు? అతని చేతికి వచ్చిన రాగి పైస మీద పారసీ లిపి తప్ప మరొకటి లేదు. తూర్పున కంపెనీ ఏలుబడిలో మాత్రం మదరాసు ముద్రణశాల 19వ శతాబ్ది తొలి దశకంలోనే తన చిన్న నాణేల మీద తమిళ, తెలుగు అక్షరాలు వేయించింది. అంటే చిల్లర మీద ఏ భాష ఉండాలన్నది వాడేవారిని బట్టి కాక, ముద్రించే అధికారం ఎవరిని ఒప్పించదలచుకున్నదో దానిని బట్టి తేలింది. కనుక నాణెం మీది రాతలో ప్రజల భాషను వెతకడం చిరునామా తప్పిన ఉత్తరాన్ని విప్పడమే. ప్రజల భాష నాణెం మీద లేదు. నాణేనికి ప్రజలు పెట్టుకున్న పేరులో ఉంది.

ఆ పేర్లను తీసుకుందాం. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ధనానికి మారుపేరు డబ్బు. రాయలసీమలో దుడ్డు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పైసలు. ఈ మూడూ రాగి నాణేల పేర్లే. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు డబ్బు అన్నది తెలుగు మాట అనీ, ఇరవై కాసుల విలువగల రాగి నాణెమనీ, దుడ్డు అన్నా అదేననీ, క్రమంగా ధనమంతటికీ అది పేరయిందనీ నమోదు చేసింది. హైదరాబాదు రాజ్యంలో రెండు పైలు ఒక డబ్బు, ఆరు డబ్బులు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. బంగారు మాడ, వరహా ధనానికి సామాన్య నామాలు కాలేదు. వెండి రూపాయి సైతం లెక్కగానే మిగిలింది. ఎంతటి ధనవంతుని గురించి చెప్పినా జగిత్యాల మనిషి 'వానికి పైసలున్నయి' అంటాడు, 'రూపాయలున్నయి' అనడు. రూక ఒకప్పుడు ఈ స్థానానికి చేరువగా వచ్చిన మాట నిజమే గాని వాడుకలో నిలవలేదు. అర్థవ్యాప్తి అని భాషాశాస్త్ర పాఠాల్లో చెప్పి, ఒక ఉదాహరణగా వదిలేసే ఈ మార్పు నిజానికి ఒక ఆర్థిక చరిత్ర పత్రం. ఒక జాతి ధనాన్ని ఏ నాణెం పేరుతో పిలిచిందో, ఆ జాతిలో ఎక్కువమంది చూసిన ధనం అదే. మూడు ప్రాంతాలు మూడు వేరువేరు మాటలు ఎంచుకొని కూడా మూడు చోట్లా రాగినే ఎంచుకోవడాన్ని ఏ శాసనమూ ఇంత గట్టిగా చెప్పదు.

సాహిత్య చరిత్రలు మాత్రం బంగారం దగ్గరే ఆగాయి. శ్రీనాథుని కనకాభిషేకం, కవులకు దక్కిన మాడలు, టంకాలు, అగ్రహారాలు ప్రతి గ్రంథంలోనూ ఉంటాయి. కాకతీయ శాసనాల్లోని మాడ, గద్యాణం, రూక, చిన్నం, వీసం గురించి పరిశోధనలు ఉన్నాయి. గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి అభయ శాసనంలోని సుంకాల మీద కూడా చాలామంది రాశారు. కవికి ఇచ్చినదీ, గుడికి ఇచ్చినదీ, ఓడ దగ్గర వసూలు చేసినదీ లెక్కకు వచ్చింది. కవి ఇంట్లో వడ్లు దంచిన మనిషికి ఇచ్చినది లెక్కకు రాలేదు. నిఘంటువులు కూడా దమ్మిడీ, ఏగాణి, కాణి వంటి మాటల దగ్గర చాలాచోట్ల 'ఒక నాణెం' అని చెప్పి తప్పుకుంటాయి. అది ఏ ప్రాంతంలో ఎంతకు చెల్లింది, ఎప్పుడు చెల్లడం మానింది అన్నది చెప్పవు.

కోరుట్ల కాగితం, సిరిసిల్ల మగ్గం

కోరుట్ల పేరు నాణేల చర్చలో ఎక్కడా రాదు. రావలసిన కారణం కాగితం. కోరుట్లలో చేతితో చేసే ముతక కాగితం నిజాం కాలంలో పట్వారీల లెక్కలకు వాడుకలో ఉండేది. దాని మన్నికను 1908 నాటి గెజిటీర్ సైతం గుర్తించింది. ఆ లెక్కల్లో తెలుగు భిన్న సంఖ్యలు నడిచాయి. పాతిక నాలుగో వంతు, వీసం పదహారో వంతు, కాణి అరవైనాలుగో వంతు. నాలుగేసి చొప్పున చీలే ఈ లెక్కకు నిలువు గీతలతో, అడ్డ గీతలతో ప్రత్యేకమైన గుర్తులున్నాయి. 2008లో యూనికోడ్ ప్రమాణంలో వాటికి చోటు కూడా దక్కింది. రూపాయికి నాలుగు పావలాలు, పదహారు అణాలు, అరవైనాలుగు పైసలు అన్న లెక్క ఈ దేశీయ భిన్నాల చట్రంలో ఇమిడిపోతుంది. అందుకే అణాలో పాతిక అయిన నాణెం తెలుగు నోట 'కాణి' అయింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చినప్పుడు మారినది నాణెం ఒక్కటే కాదు, నాలుగుల మీద నడిచే ఒక లెక్క కూడా పక్కకు తప్పుకుంది. తెలుగు లిపి చరిత్ర రాసేవారు అక్షరాల వంపుల మీద పెట్టిన శ్రద్ధలో కొంత ఈ గీతల మీద పెట్టి ఉంటే, పట్వారీ లెక్కలు రద్దీ కాగితాలుగా పోయేవి కావు.

ఆ లెక్కలు చదివితే చిల్లర చుట్టూ తిరిగిన అధికారం కనబడుతుంది. తూర్పున ఉత్తర సర్కారులకు 1794లోనే, మళ్ళీ 1797లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హాం యంత్రాల మీద అచ్చయిన, రూపాయికి 48 అని మీదనే రాసిన రాగి నాణేలు ఓడల్లో వచ్చాయి. గోదావరికి ఎగువన నిజాం రాజ్యంలో చేతి సుత్తితో కొట్టిన, ఒకదానికొకటి పోలిక లేని రాగి డబ్బు ఆ తర్వాత దాదాపు నూరేళ్ళు నడిచింది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ గుత్తకిచ్చిన ముద్రణశాలలను మూయించి నాణేల ముద్రణను రాజధానికి తెచ్చాడు. హాలీ సిక్కా స్థిరపడింది. దీనిని సంస్కరణగా ప్రశంసించడం వాడుక. ప్రశంస న్యాయమే, అయితే అది వెండి రూపాయి వైపు నుంచి చూసిన న్యాయం. పన్ను నగదుగా, రూపాయల్లో కట్టవలసివచ్చిన రైతు చేతికి వచ్చేది ధాన్యం, లేదా రాగి. రాగిని వెండిగా మార్చేది సరాఫు, లేదా సాహుకారు. మార్చినందుకు పట్టుకునేది వట్టం. నాణెం మీద విలువ రాసి లేనప్పుడు, రెండు నాణేల బరువు ఒకటిగా లేనప్పుడు, ఏది చెల్లుతుంది, ఎంతకు చెల్లుతుంది అన్నది దుకాణంలో కూర్చున్నవాడు చెప్పాలి. ఐరోపాలో ఇదే చిక్కును కార్లో చిపొల్లా 1956లో చిన్న నాణేల పెద్ద సమస్యగా వర్ణించాడు. చిల్లర మారకం ఎప్పుడు తడబడినా నష్టం చిల్లరతో బతికేవారి మీద పడుతుంది. తెలంగాణ అప్పుల చరిత్ర రాసినవారు వడ్డీని లెక్కించారు, వట్టాన్ని వదిలేశారు.

సిరిసిల్ల నేతగాళ్ళకు ఇంకొక చిక్కు ఉండేది. పని వెతుక్కుంటూ షోలాపూర్, భివండి, బొంబాయి వెళ్ళినవారి కూలి కల్దారు రూపాయల్లో వచ్చేది. ఇంటి దగ్గర చెల్లేది హాలీ. హాలీ అంటే ఇప్పుడు నడుస్తున్నది, కల్దార్ అంటే యంత్రం మీద చేసినది. పేర్లలోనే రెండు రాజ్యాల తేడా ఉంది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు అన్న మారకం 1950లో అధికారికంగా నడిచింది. 1951లో హాలీ ముద్రణ ఆగినా, పూర్తిగా రద్దయింది 1959లోనే. అంటే రాజ్యం పోయిన పదకొండేళ్ళ వరకు రాజ్యపు నాణెం బతికి ఉంది. 1948 దగ్గర గీత గీసి కాలవిభజన చేసే తెలంగాణ సాహిత్య చరిత్రలు ఈ పదకొండేళ్ళను ఏ వైపున పెడతాయో తేల్చుకోవాలి. వలస నేతగాని ఇంటికి వచ్చిన మనియార్డరుకు సెప్టెంబరు 17 అన్న తేదీ తెలియదు.

రాగి చేరని చోటు కూడా ఈ చరిత్రలో భాగమే. దొరగడీలో, పట్వారీ ఇంట్లో చేసిన వెట్టికి నాణెం లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవల మీద వచ్చిన విమర్శ శీర్షికలోని 'చిల్లర' అన్న మాటను అల్పులు, నీచులు అన్న తిట్టుగానే తీసుకుంది. తిట్టు ఉన్న మాట నిజమే. కానీ చిన్న నాణెం పేరు నీచత్వానికి పేరెలా అయింది? చిల్లర మనిషి, చిల్లర పని, చిల్లర బుద్ధి అన్న మాటలు వాడినవారు రూపాయలు చూసినవారు. డబ్బు, పైస అన్న మాటలను ధనమంతటికీ పేరుగా చేసినవారు చిల్లరతో బతికినవారు. ఒకే నాణెం ఒకరి నోట సంపద, ఇంకొకరి నోట తిట్టు. తెలుగు పదకోశంలో వర్గ చరిత్ర ఇంతకన్న దగ్గరగా దొరికే చోట్లు తక్కువ. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు నడిచివచ్చిన వేలమంది వెట్టి వద్దన్నారు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. భూమి, ఆత్మగౌరవం అన్న పెద్ద మాటలతోనే ఆ ఉద్యమాన్ని వివరిస్తున్నారు. చేసిన పనికి చేతిలో పైస పడాలన్న కోరిక ఆ పెద్ద మాటల కన్న చిన్నదేమీ కాదు.

నాణెం పోయినా లెక్క పోలేదన్నదానికి సిరిసిల్లే సాక్షి. 25 పైసలు, అంతకన్న చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లడం మానాయి. మరమగ్గం కార్మికుని కూలి మాత్రం మీటరుకు ఇన్ని పైసలన్న లెక్కలోనే నడిచింది. కొన్ని పైసల పెంపు కోసం మగ్గాలు ఆగిన సందర్భాలు ఉన్నాయి. నాసిక్ గుహ శాసనంలో ఉషవదాతుడు గోవర్ధనంలోని రెండు నేతగాళ్ళ శ్రేణుల వద్ద మూడు వేల కాహాపణాలు నిలువ ఉంచాడనీ, నెలకు నూటికి ఒకటి, ముప్పాతిక చొప్పున వడ్డీ వచ్చేదనీ ఉంది. వడ్డీతో భిక్షువులకు బట్టలు ఏర్పాటయ్యాయి. ఆ బట్ట నేసినవానికి ఎంత ముట్టిందో శాసనం చెప్పదు.

సాహిత్య శాఖకు నాణేలతో పనేమిటన్న ప్రశ్న రావచ్చు, ఇదివరకే వచ్చింది కూడా. బరువు తూచడం, లోహాన్ని పరీక్షించడం పురావస్తు శాఖ పని అన్నది నిజం. అయితే పేర్లు, భిన్నాలు, తిట్లు, హాలీ-కల్దార్ల జ్ఞాపకాలు ఏ ప్రయోగశాలలోనూ దొరకవు. అవి డెబ్బై, ఎనభై ఏళ్ళవారి నోట్లో, అటకల మీది లెక్కల పుస్తకాల్లో ఉన్నాయి. మాండలిక పదసేకరణ చేసే విద్యార్థులు వ్యవసాయ పదాలు, చేనేత పదాలు అడుగుతున్నారు. మారకపు పదాలు అడిగిన సేకరణలు అరుదు. 1957కు ముందు సంతకు వెళ్ళినవారు ఇంకా కొందరు ఉన్నారు. వారిని అడగడానికి మిగిలిన కాలం ఎక్కువ కాదు.

కోటిలింగాలలోనూ కాలం తక్కువే. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుక నీరు ఆ దిబ్బల దాకా వచ్చింది. నేల మీద ఏరిన నాణేలు ఏ పొర నుంచి వచ్చాయో ఇక ఎన్నటికీ తెలియదు. సంగ్రహాలయాల్లోను, సేకర్తల పెట్టెల్లోను ఉన్నవే మిగిలిన ఆధారం. వాటిలో పేరు చదవబడినవి ఇప్పటికే ప్రకటితాలు. 'అస్పష్టం' అన్న గడిలో పడినవాటిని బయటకు తీసి, శుభ్రపరచి, తూచి, దొరికిన చోటు తెలిసినవాటిని తెలియనివాటి నుంచి విడదీసి, బరువుల పట్టికను పూర్తిగా ప్రకటించడం మొదట జరగవలసిన పని. ఆ పట్టికలో రాజు పేరుకు ఒక గడి చాలు.